బంతిని అడగని ఆట

ఒక పెద్ద అడవిలో కొండలున్నాయి, వాగులున్నాయి, కావలసినంత నీడ ఉంది. వాటితోపాటు ఒక సభ కూడా ఉంది. ఆ సభ ఎందుకుందో ఎవరికీ సరిగ్గా తెలీదుగానీ, ఎండ చల్లబడగానే అందరూ అక్కడికి చేరేవారు. ఎప్పుడో గాలివానకి కూలిన మానుల దుంగలు పేర్చి కట్టిన వేదిక మీద అడవిదున్న అప్పలస్వామి కూచునేవాడు. ఆయన సభాధ్యక్షుడు. ఏ విషయం ముందుకొచ్చినా "చూద్దాం" అనేవాడు. ఆ మాట ఎంత గంభీరంగా అనేవాడంటే, పనైపోయిందనుకుని అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయేవారు.

ఆయన పక్కన కొండముచ్చు భూషణం కూచునేవాడు. సభకి వినోద కార్యదర్శి. ఎవరి నడకని ఎలా వెక్కిరించాలో, ఎవరికి ఏ పేరు తగిలించాలో అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. కుందేలు చిట్టిబాబు సభకి రాగానే, "జెండాలొచ్చాయి, లేచి వందనం చెయ్యండి!" అనేవాడు. చిట్టిబాబు చెవులు కిందికి వాలిపోయేవి. "అయ్యో, జెండా దించేశారు, ఎవరు పోయారో!" అనేవాడు వెంటనే. సభంతా గొల్లుమనేది. చిట్టిబాబు కూడా నవ్వేవాడు. అందరికన్నా గట్టిగా నవ్వేవాడు.

ఆ అడవిలోనే నూకాలు అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా, ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగాటి మూతి, అంతకన్నా పొడుగాటి నాలుక. చీమల్నీ చెదల్నీ నాక్కుని తిని బతుకుతుంది. భయం వేస్తే తల పొట్టలోకి దూర్చి, తోక చుట్టేసుకుని గుండ్రంగా ముడుచుకుపోతుంది. అది దాని చేతిలో పని కాదు. మనకి దుమ్ము పడితే రెప్ప వాలినట్టన్నమాట.

నూకాలు వయసులో చిన్నది, సిగ్గరి. సభకి కాస్త దిగువన బొరియలో ఒంటరిగా ఉండేది. చుట్టుపక్కల చెదపుట్టలన్నీ తిరిగి కడుపు నింపుకుని, వాగులో నీళ్ళు తాగి, నోట్లో నోట్లో పాట పాడుకుంటూ ఇంటికి వచ్చేది. రోజూ సాయంత్రం పైనుంచి నవ్వులు వినిపిస్తుంటే, 'అంత నవ్వుకునే చోట నాకూ కాస్త చోటుంటుంది' అనుకుంది. ఒకరోజు పొలుసులు శుభ్రంగా నీళ్ళలో తడుపుకుని సభకి బయల్దేరింది.

ఆమె గట్టెక్కి వేదిక దగ్గరికి వచ్చిన క్షణానే అప్పలస్వామి తుమ్మాడు. అడవిదున్న తుమ్మంటే మాటలా? నూకాలు టక్కున ముడుచుకుపోయింది. అక్కడ నేల వాలుగా ఉండడంతో దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి సరిగ్గా భూషణం కాళ్ళ దగ్గర ఆగింది.

భూషణం దాన్ని పైకీ కిందికీ చూసి, "ఎవరిదర్రా ఈ బంతి? పోగొట్టుకున్నవాళ్ళొచ్చి ఆనవాలు చెప్పి తీసుకెళ్ళండి!" అన్నాడు.

సభ ఊగిపోయింది. నూకాలు నెమ్మదిగా విచ్చుకుని తల బయట పెట్టింది. అందరూ తనని చూసి నవ్వుతున్నారు. ఆమెకీ నవ్వొచ్చింది. మొదటిరోజే ఇంతమందిని నవ్వించానే అని సంతోషంగా ఇంటికి వెళ్ళింది కూడా.

మర్నాడు ఆమె రాగానే ఎవరో వెనకనుంచి "హో!" అని అరిచారు. ముడుచుకుంది. దొర్లింది. ఆ తర్వాత రోజు ఒకరు అరిచారు, మరొకరు ఎదురుగా కాచుకుని వెనక్కి తన్నారు. ఆ పైరోజు వచ్చేసరికి రెండు జట్లున్నాయి. ఆటకి నియమాలున్నాయి. చిట్టిబాబు ఒక జట్టులో ముందు వరసలో ఉన్నాడు. అందరూ ఉన్నారు. అడవిలో ఆ ఏడు అంత ఐకమత్యం ఎన్నడూ లేదని అప్పలస్వామి మెచ్చుకున్నాడు.

"దీన్ని మన అడవి ఆటగా ప్రకటించాలండీ," అన్నాడు భూషణం.

అప్పలస్వామికి ఎందుకో చిన్న అనుమానం వచ్చింది. "ఆ పిల్ల ఏమంటోంది?" అన్నాడు.

"ఏమీ అనడంలేదండీ. ముడుచుకుని ఉంది."

"అంటే?"

"అభ్యంతరం లేదని."

అందరూ చప్పట్లు కొట్టారు. బంతి లోపల, తన పొట్టలో తల పెట్టుకుని, నూకాలు ఆ చప్పట్లు వింది.

*

ఇంటికి వెళ్ళిపోవచ్చుగా, సభకి రావడం మానేయవచ్చుగా అని మీరు అడుగుతారు. నూకాలు మానేసింది. అయితే ఆటకి అలవాటు పడ్డవాళ్ళు బంతిని వెతుక్కుంటూ వస్తారు కదా. పుట్ట దగ్గర ఆమె నాలుక చాపీ చాపకముందే పొదలోనుంచి "హో!" వినపడేది. వాగు దగ్గర నీళ్ళు తాగబోతే చెట్టుమీంచి "హో!" వినపడేది.

కొన్నాళ్ళకి ఎవరూ "హో" అననక్కర్లేకపోయింది. ఆకు రాలితే ముడుచుకునేది. పిట్ట ఎగిరితే ముడుచుకునేది. పాట పాడుకోవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. చెదలు తింటుంటే నోట్లో మట్టి తిన్నట్టుండేది. నిద్రలో కూడా వాలు మీద దొర్లుతున్నట్టే ఉండి ఉలిక్కిపడి లేచేది. లేచాక, ఒంటరిగా బొరియలో ఉన్నప్పుడు, ఒక్కోసారి ఆమెకి ఒక వింత ఆలోచన వచ్చేది: 'వాళ్ళంతా అంటున్నారంటే నేను నిజంగా బంతినేమో. ఇన్నాళ్ళూ అలుగునని పొరబడ్డానేమో.'

ఆ ఆలోచనకి భయం వేసి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అప్పలస్వామి దగ్గరికి వెళ్ళింది. ఆయన బురదగుంటలో సేద తీరుతున్నాడు.

"అయ్యా, ఆ ఆట ఆపించండి," అంది.

"ఎందుకమ్మా? ఎక్కడన్నా దెబ్బ తగిలిందా?"

"లేదండీ. పొలుసులు గట్టివి."

"మరింకేం?"

"లోపల తగులుతోందండీ."

అప్పలస్వామి లేచి వచ్చి ఆమె చుట్టూ తిరిగి చూశాడు. ముక్కుతో ఒకసారి వాసన చూశాడు. "లోపలంటే ఎక్కడ? ఏదీ, చూపించు."

"చూపించడానికి కనపడదండీ."

"కనపడని దెబ్బకి మేమేం మందు వెయ్యగలం తల్లీ? కుంటుతూ వస్తే కాలు కుంటిదంటాం. నెత్తురొస్తే గాయమంటాం. నువ్వు చూడబోతే నిగనిగలాడుతున్నావు." ఇలా అన్నాడుగానీ ఆయన చెడ్డవాడు కాదు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి కంగారుపడ్డాడు. కంగారుపడ్డప్పుడు పెద్దలు ఏం చేస్తారో అదే చేశాడు. "సరే, ఒక కమిటీ వేస్తాను," అన్నాడు.

'వేధింపుల విచారణ కమిటీ' మర్నాడే ఏర్పడింది. అధ్యక్షుడు కొండముచ్చు భూషణం.

"అతనేనండీ మొదలుపెట్టింది!" అంది నూకాలు.

"అందుకేనమ్మా," అన్నాడు అప్పలస్వామి ఓపిగ్గా. "ఈ విషయం గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు చెప్పు?"

విచారణ సభ మధ్యలో, అందరూ చూస్తుండగా జరిగింది. భూషణం గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా అడిగాడు. "చెప్పమ్మా నూకాలూ. నిన్ను ఎవరు, ఎక్కడ, ఎలా ఏడిపించారు? భయపడకు. నేనున్నాను."

నూకాలు నోరు తెరిచింది. ఎదురుగా అతని మొహం కనిపించింది. చుట్టూ అన్ని కళ్ళు. ఎవరో ముందుగానే నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. ఆమె ముడుచుకుపోయింది.

"సాక్షి వాంగ్మూలం ముగిసింది," అన్నాడు భూషణం.

కమిటీ అక్కడికక్కడే తీర్పు చెప్పింది. ఆమె ముడుచుకోకపోతే బంతి ఉండదు. బంతి లేకపోతే ఆట ఉండదు. కాబట్టి సమస్యకి మూలం ముడుచుకోవడం. ఆ దురలవాటు మాన్పించడానికి ఆమెని కూర్మయ్య మాష్టారి దగ్గర మనోధైర్య శిక్షణలో చేర్పించాలి. ఇంత దయగల తీర్పు చెప్పినందుకు భూషణానికి అడవిపూల దండ వేశారు. తర్వాత, అందరూ ఎలాగూ చేరారు, బంతి ఎలాగూ అక్కడే ఉంది కనుక, ఒక ఆట ఆడి ఇళ్ళకి వెళ్ళారు.

*

కూర్మయ్య మాష్టారు తాబేలు. వాగు ఒడ్డున రాయి పక్కన ఉండేవాడు. ఏది రాయో ఏది మాష్టారో తేల్చుకోవడానికి నూకాలుకి కాస్త సమయం పట్టింది.

"నమస్కారమండీ. శిక్షణకి వచ్చాను."

"వచ్చావా? కూచో," అంది డొప్పలోంచి గొంతు. "మొదటి పాఠం. ఎవరేమన్నా పట్టించుకోకు."

"ఎలాగండీ?"

"లోపలికి వచ్చేయాలి. వచ్చేసి పట్టించుకోకూడదు."

"రెండో పాఠమండీ?"

"రెండోది లేదు. అంతే. నన్ను చూడు. ఎంత హాయిగా ఉన్నానో."

నూకాలు చూసింది. చూడడానికి డొప్ప తప్ప ఏమీ లేదు. "మాష్టారూ, మీరు తల బయట పెట్టి ఎన్నాళ్ళయింది?"

"ఎందుకు పెట్టాలి? అవసరమేముంది?"

"వాగులో తామరలు పూశాయండీ. బాగున్నాయి."

డొప్ప ఒకసారి కదిలింది. తర్వాత, ఇందాకటి మాష్టారి గొంతు కాకుండా, సన్నటి గొంతు ఒకటి వచ్చింది. "చిన్నప్పుడు నా నడక గురించి ఏదో అన్నారులే. అందరూ నవ్వారు. ఏమన్నారో కూడా మర్చిపోయాను." ఆగి, "మర్చిపోలేదు," అన్నాడు.

శిక్షణ అక్కడితో ఆగిపోయింది. నూకాలు కాసేపు ఆయన పక్కన కూచుని, తామరలు ఏ రంగులో ఉన్నాయో చెప్పి, ఇంటిదారి పట్టింది. దారిలో పొదలోంచి "హో!" అని వినిపించింది. ఆ రోజు ఆమెని ఇంటిదాకా దొర్లించుకుంటూ తీసుకెళ్ళి దిగబెట్టారు. అది ఆమెకి చేసిన ఉపకారమని వాళ్ళు అనుకున్నారు.

ఆ తర్వాత నూకాలు బొరియలోంచి రాలేదు.

ఆకలేసినప్పుడు బొరియ గోడకి పాకిన నాలుగు చీమల్ని నాకేది. అదీ ఒక్కోరోజు మానేసేది. ముడుచుకునే పడుకునేది, ముడుచుకునే లేచేది. విచ్చుకోవాలని ఎప్పుడైనా అనుకున్నా ఒళ్ళు ఆమె మాట వినేది కాదు. బయట వానలొచ్చాయి, గడ్డి మొలిచింది, పుట్టలు పెరిగాయి. సభలో మాత్రం ఆట ఆగలేదు. బంతి దొరక్కపోయేసరికి తాత్కాలికంగా ఒక మారేడుకాయతో ఆడుతున్నారు. మారేడుకాయ భయపడదు కాబట్టి ఆటలో మజా లేదని అందరూ విసుక్కుంటున్నారు.

*

పక్క బొరియలో ముళ్ళపంది సన్యాసమ్మ ఉండేది. పెద్దావిడ, మాట కాస్త గరుకు. నూకాలు పాట వినపడడంలేదని మొదట ఆవిడ హాయిగానే ఉందనుకుంది. ఎందుకంటే ఆ పాటకి శ్రుతి ఉండేది కాదు. రోజులు గడిచేకొద్దీ ఆ నిశ్శబ్దమే ఆవిడకి నిద్ర పట్టనివ్వలేదు. ఒక పొద్దున వచ్చి నూకాలు బొరియ గుమ్మంలో చతికిలబడింది.

"పిల్లా, లోపలున్నావా?"

లోపల పొలుసులు రాసుకున్న చప్పుడైంది.

"ఉన్నావులే. నేనేం బయటికి రమ్మని అడగను. ఇక్కడ ఎండ బాగుంది, కూచుని ముళ్ళు దువ్వుకుంటాను." అలాగే దువ్వుకుంది. ఎండెక్కాక వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తన కీళ్ళనొప్పుల గురించీ, చచ్చిపోయిన మొగుడి గురక గురించీ, దుంపల్లో ఏవి తియ్యగా ఉంటాయో ఏవి దురద పెడతాయో, అన్నీ గోడకి చెప్పినట్టు చెప్పింది. ధైర్యంగా ఉండమని మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఒకరోజు లోపల్నుంచి మాట వచ్చింది. "పిన్నీ, నేను ముడుచుకోకుండా ఉండాల్సిందా?"

సన్యాసమ్మ దువ్వుకోవడం ఆపింది. "నాకు భయం వేస్తే ముళ్ళు లేస్తాయి. నేను లేపుతానా? అవే లేస్తాయి. నీకు భయం వేస్తే ముడుచుకుంటావు. భయపెట్టినవాళ్ళని వదిలేసి, భయపడ్డదానికి శిక్షణేమిటే? బుద్ధిలేకపోతే సరి!"

"అందరూ తమాషాకే అంటున్నారు పిన్నీ. నేనే తమాషా తెలియనిదాన్నేమో అనిపిస్తోంది."

"నీకు నవ్వొచ్చిందా?"

"మొదటిరోజు వచ్చింది."

"తర్వాత?"

కొంతసేపటికి లోపల్నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. చాలా రోజులుగా గడ్డకట్టుకుపోయిన ఏడుపు ఒక్కసారిగా కరిగింది. సన్యాసమ్మకి లోపలికి వెళ్ళి ఆ పిల్లని ఒళ్ళోకి తీసుకోవాలనిపించింది. కానీ ముళ్ళపంది ఒళ్ళోకి తీసుకుంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అందుకని గుమ్మంలోనే కూచుని, "ఏడు తల్లీ, ఏడు. నేనెక్కడికీ పోను," అంది.

ఆ సమయంలోనే కుందేలు చిట్టిబాబు గెంతుకుంటూ వచ్చాడు. సభలో ఆ సాయంత్రం పెద్ద పండుగ. తమది వేధింపులు లేని అడవి అని కమిటీ ప్రకటించబోతోంది. ఆ శుభసందర్భంలో బంతాట పోటీలు. మారేడుకాయ చాలదు, బంతిని తీసుకురమ్మని భూషణం చిట్టిబాబుని పంపాడు.

"బంతి లేదు," అంది సన్యాసమ్మ.

"ఉందిగా, లోపల ఉందని..."

సన్యాసమ్మ ముళ్ళు ఒక్కొక్కటే నిక్కబొడుచుకున్నాయి. "లోపల నూకాలు ఉంది. కడుపు నిండా తిని ఎన్నాళ్ళయిందో తెలీదు. ఏడుస్తోంది. వినపడుతోందా నీ అంత పొడుగు చెవులకి?"

చిట్టిబాబు చెవులు నిలబెట్టి విన్నాడు. విని, అక్కడే కూలబడ్డాడు. "నూకాలక్కా," అన్నాడు గుమ్మంలోకి తొంగిచూసి. "నేను... నువ్వు రాకముందు రోజూ నా చెవుల మీదే కదా. నువ్వొచ్చాక నన్ను వదిలేశారు. నేను నవ్వకపోతే, తన్నకపోతే, మళ్ళీ నా మీద పడతారని... అందుకే గట్టిగా నవ్వాను. రాత్రిళ్ళు అదే గుర్తొచ్చేది."

లోపల వెక్కిళ్ళు తగ్గాయి. తర్వాత, "నీ తన్నే అన్నిటికన్నా మెల్లగా తగిలేది చిట్టిబాబూ," అని వినపడింది. "అది నీదేనని నాకు తెలిసేది."

క్షమించిందో లేదో చిట్టిబాబుకి అర్థం కాలేదు. అయినా వెనక్కి వెళ్ళలేదు. సన్యాసమ్మకి కాస్త దూరంలో, ముళ్ళు గుచ్చుకోనంత దూరంలో, గుమ్మానికి అడ్డంగా కూచున్నాడు.

*

బంతి లేకుండానే పండుగ మొదలైంది. పైనుంచి భూషణం ఉపన్యాసం గాల్లో తేలుతూ కిందికి వినపడుతోంది.

"మన అడవిలో వేధింపులు లేవు! ఉంటే ఫిర్యాదులుండేవి! ఫిర్యాదు చేసిన ఆ ఒక్క నూకాలు కూడా ఇప్పుడు రావడంలేదు. అంటే ఇంట్లో ఎంత సంతోషంగా ఉందో ఊహించుకోండి!"

చప్పట్లు మోగాయి.

"కమిటీ సభ్యులందరూ వేదికమీదికి రావాలి! పెద్దలందరూ రావాలి! అధ్యక్షులవారు తమ పాదంతో వేదికని తాటించి పండుగ ప్రారంభించాలి!"

కొద్ది క్షణాల తర్వాత ఫెళఫెళమని విరిగిన చప్పుడు, దాని వెనకే దభేలుమని మోత. నూకాలు బొరియలో మట్టి రాలింది. పైన సభ వైపు ఎర్రటి దుమ్ము లేచింది. తర్వాత దగ్గులు, తుమ్ములు, అప్పలస్వామి మూలుగులు. ఆ తర్వాత, ఒకరితో మొదలై, సభంతా నవ్వులు.

పొద్దుగూకేలోగా సభ మొత్తం నూకాలు బొరియ ముందుకొచ్చి నిలబడింది. నెత్తిమీద పుట్టమన్నుతో అప్పలస్వామి ముందున్నాడు.

"అమ్మా నూకాలూ, మాకు తెలియక పొరపాటు జరిగింది. వేదిక దుంగలన్నీ చెదలు తినేశాయి. పైకి నున్నగా ఉన్నాయి, లోపల గుల్ల. నేను పాదం మోపానో లేదో అందరం కలిసి పాతాళానికి పోయాం. ఈ చుట్టుపక్కల చెదలు తినేదానివి నువ్వొక్కదానివేనట కదా. నువ్వు బయటికొచ్చి తినకపోతే ఇంకో వేదిక కట్టినా నిలవదు. అంచేత ఆ ఆట ఈ క్షణంనించీ రద్దు. వచ్చి భోంచెయ్యమ్మా."

"అధ్యక్షా," అంది సన్యాసమ్మ కదలకుండా. "మీ వేదిక కూలకపోతే ఆ పిల్ల ఏడుపు మీకు పట్టేది కాదన్నమాట."

"అది... చూద్దాం..." అని నసిగాడు ఆయన.

"పోనీ చెదలు తినని ప్రాణైతే తన్నొచ్చా?"

అప్పలస్వామి నెత్తిమీది మన్ను దులుపుకున్నాడు. సన్యాసమ్మ నిట్టూర్చి, "ఆజ్ఞ వేస్తే ఆకలి రాదు. ఇళ్ళకి వెళ్ళండి. మీరు గుమ్మంలో నిలబడుంటే అది రమ్మన్నా రాదు," అంది.

ఆ రాత్రికే అద్భుతమేదీ జరిగిపోలేదు. నూకాలు మొదట మూతి మాత్రం బయట పెట్టింది. కొన్నాళ్ళకి తల. ఒక సాయంత్రం, ఒకపక్క సన్యాసమ్మ, ఇంకోపక్క చిట్టిబాబు నడుస్తుండగా, దగ్గర్లో ఉన్న పుట్టదాకా వెళ్ళింది. మధ్యలో ఎండుటాకు ఒకటి రాలింది. ముడుచుకుంది. వాళ్ళిద్దరూ దొర్లించలేదు, లేవమనలేదు. పక్కనే కూచుని దుంపల గురించి మాట్లాడుకున్నారు. ఆమే విచ్చుకుని, మిగతా దూరం నడిచింది. ఆ రోజు చెదలు చెదల్లాగే రుచించాయి.

*

ఈలోగా అడవి నిజంగానే మారిపోయింది. అందరికీ వేధింపుల మీద తెగ కోపం వచ్చింది. కోపం వచ్చాక అది ఎవరిమీదైనా చూపాలి కదా. భూషణం దొరికాడు. వేదిక కూలినప్పుడు అతను తలకిందులుగా పుట్టమన్నులో కూరుకుపోయి, తోకొక్కటే పైకి కనిపించిందట. అప్పట్నుంచి అతను కనిపిస్తే చాలు, "మొలకొచ్చింది, నీళ్ళు పొయ్యండి!" అని నిజంగానే నీళ్ళు పోస్తున్నారు. రోజూ సాయంత్రం అతను పడిన తీరుని నాటకంగా వేస్తున్నారు. నెమలి ఒక పాట కూడా కట్టింది. దీనికి అప్పలస్వామి 'న్యాయ వినోదం' అని పేరు పెట్టాడు.

చివరికి ఒకరోజు నూకాలుకి సన్మానం అన్నారు. నూకాలు వెళ్ళాలా వద్దా అని చాలాసేపు ఆలోచించింది. వెళ్ళింది.

కొత్త వేదిక ముందు ఆమెకి దండ వేశారు. పొగిడారు. ఆమె బాధని తాము మొదట్నుంచీ గమనిస్తూనే ఉన్నామని, చెప్పడానికి సందర్భం రాలేదని చాలామంది చెప్పారు. తర్వాత అప్పలస్వామి చేయి చూపించాడు. వాలు మీద, జనం మధ్యలో, భూషణం ఉన్నాడు. మోకాళ్ళు పొట్టకి నొక్కుకుని, తల వాటి మధ్య దూర్చి, తోక చుట్టేసుకుని ఉన్నాడు.

"ఇవాళ బంతి వీడు," అన్నాడు అప్పలస్వామి ఆనందంగా. "తొలి తాపు నీదేనమ్మా. న్యాయం జరగాలి."

నూకాలుకి సంతోషం కలగలేదని చెప్తే అబద్ధం. కలిగింది. కాలు దురద పెట్టింది కూడా. రెండడుగులు ముందుకి వేసింది. అప్పుడు అతని వీపు కనిపించింది. ఎవరూ తాకకుండానే వణుకుతోంది. ఆ వణుకు ఆమెకి బాగా తెలుసు. బయటున్నవాళ్ళకి అది కనపడదనుకునేది ఇన్నాళ్ళూ. ఇంత స్పష్టంగా కనపడుతుందన్నమాట.

చుట్టూ అందరూ చూస్తున్నారు. అన్ని కళ్ళు! నూకాలు ఒళ్ళు ముడుచుకోవాలని లాగుతోంది. సన్యాసమ్మ ఎక్కడుందో చూసుకుంది.

"అయ్యా," అంది. "ఆట ఆపమన్నాను. బంతిని మార్చమనలేదు."

నూకాలు వాలు దిగి భూషణం దగ్గరికి వెళ్ళింది.

"లే. ఇంటికి వెళ్ళు."

భూషణం తల కొద్దిగా ఎత్తాడు. "నేను అప్పుడు... తమాషాకే నూకాలూ..."

"నాకు నిద్ర పట్టేది కాదు. తిండి సయించేది కాదు. నేను నేను కాననిపించేది. ఆ సంగతి నీకు తెలియాలి. అంతకుమించి నీతో నాకేం పని లేదు."

భూషణం కళ్ళు దించుకున్నాడు. "మొన్నటినించీ నాకూ ఆకు సయించడంలేదు," అన్నాడు మెల్లిగా. "చెట్టెక్కితే కింద ఎవరో నవ్వుతున్నట్టే ఉంటోంది."

"అయితే తెలిసినట్టే," అంది నూకాలు. ఆమె గొంతులో ప్రేమ లేదు, కసీ లేదు. అతను వెళ్ళడానికి దారి ఇస్తూ పక్కకి జరిగింది. జనమూ, ఏం చెయ్యాలో తోచక, పక్కకి జరిగారు.

వినోదం పోయిందని కొందరు గొణిగారు. అప్పలస్వామి బాగా ఇబ్బందిపడి, చెవులు ఆడించి, ఇకమీదట అడవిలో ఎవరూ ఎవరినీ ఏడిపించకుండా చూడడానికి మళ్ళీ ఒక కమిటీ వేద్దామన్నాడు. "ఈ విషయంలో అనుభవం ఉన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. సభలో చాలామంది చేతులు సగం లేపి, అనుభవమంటే ఏ అనుభవమో గుర్తొచ్చి, మెల్లిగా దించుకున్నారు. ఆ అడవిలో అంతమంది ఒకేసారి తలవంచుకోవడం అదే మొదలు.

నూకాలు అవేవీ చూడలేదు. దండ తీసి ఒక కొమ్మకి తగిలించి, సన్యాసమ్మతో కలిసి కిందికి దిగింది. దారిలో ఆకలేసి పుట్ట దగ్గర ఆగింది. నోటినిండా చెదలతో ఏదో పాడబోతే, "తిన్నాక పాడవే తల్లీ, లేదా పాడడం మానేసి తినవే," అంది సన్యాసమ్మ. నూకాలు నవ్వింది. ఆ నవ్వు విని సన్యాసమ్మ కూడా నవ్వింది.

నీతి: తమాషాకే చేశామని చెప్పేవాళ్ళ మాట తప్పకుండా నమ్మండి, వాళ్ళకి నిజంగా తమాషాగానే ఉండి ఉంటుంది, దొర్లినవాళ్ళెవరూ ఇంతవరకూ ఆ మాట అనలేదు.